ల్యాప్‌టాప్ అక్కడ కొనాలా, ఇక్కడ కొనాలా?

డిసెంబరు సెలవులకు అమెరికా నుంచి పిల్లలు వస్తున్నారని తెలిస్తే చాలు, ఇక్కడి నుంచి వాళ్లకు ఒక జాబితా వెళ్తుంది. అందులో విటమిన్ మాత్రలు ఉంటాయి, బాదంపప్పు ఉంటుంది, చాలాసార్లు ఒక ల్యాప్‌టాప్ కూడా ఉంటుంది. "అక్కడ చవక కదా, వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా" అన్న మాట పాతికేళ్లుగా తెలుగు ఇళ్లలో వినిపిస్తూనే ఉంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇదే మాట దుబాయ్‌లో ఉన్నవాళ్లకు వెళ్తుంది. ఈమధ్య ఎదురు వాదన కూడా అంతే గట్టిగా వినిపిస్తోంది: ఇప్పుడు ధరలో పెద్ద తేడా లేదు, పాడైతే పట్టించుకునేవాళ్లుండరు, ఇక్కడే కొనుక్కోవడం మేలని. రెండు వైపుల వాళ్లకూ అనుభవాలున్నాయి, లెక్కలున్నాయి. కానీ ఆ లెక్కలు వేర్వేరు సంవత్సరాలవి, వేర్వేరు ఊళ్ల పన్నులవి, వేర్వేరు కంపెనీల యంత్రాలవి. వాటిని విడదీసి చూడకపోతే ఈ చర్చ తెగదు.

ఈ అలవాటు ఎలా వచ్చింది

లైసెన్సుల కాలంలో మన దేశంలో కంప్యూటర్ అంటే భారీ సుంకం కట్టి తెచ్చుకునే సామాను. 1984 నవంబరులో వచ్చిన కంప్యూటర్ విధానం ఆ పట్టును కొంత సడలించింది. 1990లలో మన ఊళ్ల నుంచి ప్రోగ్రామర్లు అమెరికాకు వెళ్లడం మొదలయ్యాక, వస్తూ పోతూ ల్యాప్‌టాప్ తేవడం మామూలైంది. అప్పట్లో అందుకు గట్టి కారణాలున్నాయి. కొత్త మోడళ్లు ఇక్కడికి నెలలు ఆలస్యంగా వచ్చేవి, వచ్చినవి కూడా నాలుగైదు రకాలకు మించేవి కావు, ధర చూస్తే గుండె గుభేలుమనేది.

1996 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశం సమాచార సాంకేతిక ఒప్పందాన్ని కుదిర్చింది. 1997లో భారతదేశం అందులో చేరింది. దాని ప్రకారం కంప్యూటర్ల మీద మూల కస్టమ్స్ సుంకం విడతలుగా తగ్గి సున్నాకు వచ్చింది. 2004 జనవరిలో మరో వెసులుబాటు దొరికింది. 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు తమ సామానుతో ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని కేంద్రం ప్రకటించింది. "ఒకటి పట్టుకురా" అన్న మాటకు చట్టం అండ దొరికింది అప్పుడే.

ఆ తర్వాత పాత కారణాలు ఒక్కొక్కటే బలహీనపడ్డాయి. 2013లో అమెజాన్ భారత్‌లో అమ్మకాలు మొదలుపెట్టింది. యాపిల్ 2020 సెప్టెంబరులో ఇక్కడ ఆన్‌లైన్ దుకాణం తెరిచింది, 2023 ఏప్రిల్‌లో ముంబయి, ఢిల్లీలలో సొంత షాపులు పెట్టింది. దసరా నుంచి దీపావళి దాకా సాగే ఆన్‌లైన్ అమ్మకాలు, బ్యాంకు కార్డుల తగ్గింపులు, వడ్డీ లేని వాయిదాలు వచ్చాయి. కారణాలు తగ్గినా నమ్మకం తగ్గలేదు. చర్చలోని చిక్కు చాలావరకు ఇక్కడే ఉంది: 2005 నాటి తేడాను చూసినవాళ్లు నేటి ధరను కూడా ఆ కళ్లతోనే చూస్తున్నారు.

సుంకం కాదు, పన్ను

"మన దగ్గర కస్టమ్స్ బాదుడు, అందుకే ఇక్కడ ఎక్కువ" అనే మాట చదువుకున్నవాళ్లు కూడా అంటారు. ల్యాప్‌టాప్ విషయంలో అది నిజం కాదు. మూల సుంకం సున్నా. ఉన్నదల్లా 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లను సవరించి పెద్ద టీవీలను, ఏసీలను 28 నుంచి 18కి తగ్గించినప్పుడు కూడా ల్యాప్‌టాప్ తన 18 దగ్గరే నిలిచింది.

ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. మన దేశంలో డబ్బా మీద ముద్రించే ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అమెరికాలో అట్ట మీద రాసిన ధరకు పన్ను తర్వాత కలుస్తుంది, అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూజెర్సీలో 6.625 శాతం. టెక్సాస్‌లో రాష్ట్ర పన్ను 6.25 శాతం, స్థానిక పన్నులు కలిస్తే 8.25 దాకా పోతుంది. డెలావేర్, ఆరెగాన్, న్యూ హ్యాంప్‌షైర్, మోంటానాల్లో రాష్ట్ర అమ్మకపు పన్నే లేదు. పన్ను కలవని ధరను పన్ను కలిసిన ధరతో పోల్చి "చూశారా తేడా" అనడం సరైన లెక్క కాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. అక్కడ 1,000 డాలర్ల అట్ట ధర ఉన్న యంత్రం, డాలరు 90 రూపాయలు అనుకుందాం. పన్ను లేకుండా 90,000. ఇక్కడ కూడా కంపెనీ అదే మూలధర పెడితే 18 శాతం కలిసి 1,06,200 అవుతుంది. పైకి కనిపించే తేడా 16,200. ఇప్పుడు దాన్ని న్యూజెర్సీలో, మన దేశపు కార్డుతో కొన్నారనుకోండి. అక్కడి పన్నుతో 95,962 అయింది. విదేశీ వాడకానికి బ్యాంకు 3.5 శాతం రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తే మొత్తం దాదాపు 99,926. పదహారు వేల తేడా ఆరు వేల పైచిలుకుకు దిగింది. అదే డెలావేర్‌లో, అక్కడి బంధువుల అమెరికా కార్డుతో కొంటే పదహారు వేలూ మిగులుతాయి. ఇద్దరూ "అమెరికాలో కొన్నాం" అనే చెబుతారు, ఇద్దరి మాటా నిజమే.

ఇక్కడ సొంత వ్యాపారం చేస్తూ జీఎస్టీ నమోదు ఉన్నవారి లెక్క పూర్తిగా వేరు. వ్యాపారం కోసం బిల్లుతో కొంటే కట్టిన 18 శాతాన్ని తాము చెల్లించాల్సిన పన్నులో మినహాయించుకోవచ్చు. వాళ్లకు విదేశీ ల్యాప్‌టాప్‌తో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అయినా చిన్న ఆఫీసులు నడిపేవాళ్లు కూడా సూట్‌కేసుల్లో యంత్రాలు తెప్పించుకుంటున్నారు.

నాలుగు రకాల వాదనలు

మొదటిది అమెరికా పక్షం. వీరి బలం ధర ఒక్కటే కాదు, ఎంపిక. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లో కూడా అక్కడ మంచి తెర, ఎక్కువ మెమరీ ఉన్న రకాలు దొరుకుతాయి, ఇక్కడికి ఒకటో రెండో మాత్రమే వస్తాయి. మెమరీని బోర్డుకే అతికించేసే ఈ రోజుల్లో కొన్నాక పెంచుకోలేం కనుక ఈ వాదనకు బరువుంది. నవంబరు చివరి బ్లాక్ ఫ్రైడే తగ్గింపులు, తిరిగి ఇచ్చే సౌకర్యం కూడా వీరు చూపిస్తారు. కాస్ట్‌కోలో కంప్యూటర్లకు 90 రోజులు, బెస్ట్ బైలో మామూలుగా 15 రోజులు గడువు. అయితే ఆ గడువు అక్కడ ఉండేవారికే అక్కరకొస్తుంది. నవంబరులో కొని, సీలు తీయకుండా సంక్రాంతికి వచ్చేవారి చేతికిచ్చి పంపితే, కర్నూలులో డబ్బా విప్పేసరికి తెరలో గీత కనిపించినా వెనక్కి ఇచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది.

రెండోది గల్ఫ్, తూర్పు ఆసియా పక్షం. దుబాయ్‌లో 2018 జనవరి నుంచి 5 శాతం వ్యాట్ ఉంది, ధరలో కలిసే ఉంటుంది. పర్యాటకులకు 250 దిర్హాముల పైన కొన్నవాటికి కొంత తిరిగి వస్తుంది: కట్టిన వ్యాట్‌లో 85 శాతం, అందులోంచి 4.80 దిర్హాముల రుసుము తీసేసి. 3,000 దిర్హాముల ల్యాప్‌టాప్ మీద లెక్కేస్తే చేతికొచ్చేది సుమారు 116 దిర్హాములు. ఇది చూసిపోయే పర్యాటకులకు మాత్రమే. అక్కడ నివాస వీసా మీద పనిచేసే మనవాళ్లకు వర్తించదు. తమ్ముడి చదువుకని కష్టార్జితంతో కొనే నిజామాబాద్ కార్మికుడికి ఆ 116 కూడా రావు.

సింగపూర్‌లో జీఎస్టీ 2023లో 8కి, 2024 జనవరిలో 9 శాతానికి పెరిగింది. పర్యాటకులకు వాపసు ఉన్నా మధ్యలో రుసుము పోతుంది. హాంకాంగ్‌లో అమ్మకపు పన్నే లేదు, అందుకే షామ్‌షుయ్‌పో కంప్యూటర్ బజారుకు అంత పేరు. జపాన్‌లో వినియోగ పన్ను 10 శాతం, పర్యాటకులకు మినహాయింపు ఉంది. ఐరోపా సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు: బ్రిటన్‌లో 20 శాతం వ్యాట్, పైగా 2020 ముగింపుతో గ్రేట్ బ్రిటన్‌లో పర్యాటకులకు వాపసు ఆగిపోయింది. జర్మనీలో 19 శాతం. ధర కోసమైతే అటు చూడనక్కర్లేదు.

మూడోది కొరియర్ పక్షం: మనిషి రాకపోతేనేం, పెట్టె వస్తుంది కదా అనేవారు. వీరి వాదన అన్నిటికంటే బలహీనం. సున్నా సుంకమైనా సరుకు విలువ, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద 18 శాతం పన్ను పడుతుంది. కస్టమ్స్ దాన్ని కంప్యూటర్ల పద్దులో కాక వ్యక్తిగత దిగుమతుల పద్దులో వేస్తే రేటే మారిపోతుంది. "గిఫ్ట్ అని రాయిస్తే సరి" అనే పాత చిట్కాకు 2019 డిసెంబరులోనే కాలం చెల్లింది. రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్ప, పోస్టులో, కొరియర్‌లో బహుమతుల పేరిట సుంకం లేకుండా రప్పించుకునే వెసులుబాటును ప్రభుత్వం అప్పుడే తీసేసింది. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు కావాలని ప్రకటన వచ్చినప్పుడు పెద్ద కలకలం రేగింది. ఆ ప్రకటనలో కూడా కొరియర్‌లో వచ్చే ఒక్క యంత్రానికీ, ప్రయాణికుల సామానుకూ మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు నిబంధనను మర్నాడే వాయిదా వేశారు, తర్వాత దాని స్థానంలో అనుమతుల పద్ధతి తెచ్చారు.

నాలుగోది ఇక్కడే కొనమనే పక్షం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కితే నాలుగు షాపుల్లో ధర అడగవచ్చు, యంత్రాన్ని చేత్తో పట్టుకుని చూడవచ్చు, పాడైతే అదే మెట్లు మళ్లీ ఎక్కవచ్చు. వీరి అసలు బలం చట్టంలో ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. ఖమ్మంలో ఉండేవారు ఖమ్మం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, అంతకు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. న్యూజెర్సీ షాపు మీద ఖమ్మం నుంచి చేయగలిగింది లేదు.

వారంటీ దగ్గర అసలు పీటముడి

ధర గురించి గంట మాట్లాడేవాళ్లు వారంటీని "ఇంటర్నేషనల్ ఉందిలే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నా దృష్టిలో చర్చంతా నిలబడేదీ కూలేదీ ఇక్కడే.

కంపెనీలన్నిటికీ ఒకే నియమం లేదు, ఒక్కోసారి ఒకే కంపెనీలో కూడా ఉండదు. యాపిల్ తన మ్యాక్‌ల ఏడాది వారంటీని సాధారణంగా ఏ దేశంలో కొన్నా చూస్తుంది. మ్యాక్‌బుక్ మీద అంతమంది ధైర్యంగా బయట కొంటున్నారంటే కారణం ఇదే. లెనోవోకు అంతర్జాతీయ వారంటీ సేవ ఉంది, థింక్‌ప్యాడ్ వంటి ఆఫీసు రకాల్లో అది ఎక్కువగా దొరుకుతుంది, ఇళ్లకు అమ్మే చవక రకాల్లో ఉంటుందన్న భరోసా లేదు. డెల్‌లో యంత్రం సర్వీస్ ట్యాగ్‌ను ఒక దేశం నుంచి మరో దేశానికి బదిలీ చేయించుకునే పద్ధతి ఉంది. అది అడిగి చేయించుకోవాలి, దానంతటదే జరగదు. మిగతా కంపెనీల సంగతి మోడల్‌ను బట్టి ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కొనే కుర్రాళ్లు ముఖ్యంగా జాగ్రత్తపడాలి. ఖరీదు ఎక్కువ, వేడి ఎక్కువ, మరమ్మతు వచ్చే అవకాశమూ ఎక్కువ.

వారంటీ ఉన్నా మూడు చిక్కులు మిగులుతాయి. మొదటిది, గడువు కొన్న రోజు నుంచే నడుస్తుంది, మీ చేతికి వచ్చిన రోజు నుంచి కాదు. రెండోది, అక్కడ అదనంగా డబ్బు కట్టి తీసుకున్న ప్రమాద రక్షణ, ఇంటికే వచ్చి బాగుచేసే సేవ చాలావరకు కొన్న దేశానికే పరిమితం. మూడోది విడిభాగం. అరబిక్ అక్షరాలున్న కీబోర్డు పోతే దాని జత ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో ఉండకపోవచ్చు. "పార్టు రావాలి సార్" అన్న మాట విని ఎదురుచూడటమే అవుతుంది.

చేతికి తగిలే తేడాలు

దుబాయ్ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్ మూత తెరిస్తే ఒక్కో మీట మీద రెండేసి అక్షరాలు, ఇంగ్లిషు పక్కన అరబిక్. జపాన్ కీబోర్డుకు స్పేస్ మీట పొట్టిగా, చుట్టూ అదనపు మీటలతో ఉంటుంది. జర్మనీదానిలో వై, జెడ్ తారుమారు. ఫ్రాన్స్‌దానిలో ఎ, క్యూ. అమెరికా కీబోర్డు మనకు అలవాటైనదే కాబట్టి ఈ విషయంలో అటే మొగ్గు. మీట మీద రూపాయి గుర్తు లేకపోయినా నష్టం లేదు. విండోస్‌లో ఇంగ్లిషు ఇండియా కీబోర్డు పెట్టుకుని కుడివైపు ఆల్ట్‌తో 4 నొక్కితే రూపాయి గుర్తు పడుతుంది. తెలుగు టైపింగ్‌కూ యంత్రం ఏ దేశానిదైనా ఒకటే.

ఛార్జర్ ఇటుక వెనక సన్నని అక్షరాలు చదవండి. "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు సరిపోతుంది, ఈ కాలపు ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నీ అంతే. మార్చాల్సింది గోడకు పెట్టే తీగ మాత్రమే. మూడు రూపాయల వస్తువులా కనిపించే రెండు పిన్నుల కన్వర్టర్ తగిలిస్తే ఎర్తింగ్ పోతుంది. అప్పుడు లోహపు మూత మీద మణికట్టు ఆనించినప్పుడల్లా సన్నగా జివ్వుమంటుంది. మూడు పిన్నుల భారతీయ తీగ కొనుక్కుంటే ఆ బాధ ఉండదు.

విమానాశ్రయంలో

ఒక్క ల్యాప్‌టాప్ సుంకం లేకుండా వస్తుందన్నది స్పష్టం. రెండోది ఉంటేనే గొడవ. ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి, చెల్లెలికి తెచ్చే సీలు తీయనిది ఒకటి ఉంటే? వాడిన సొంత వస్తువుగా మొదటిదాన్ని ఒప్పుకోవడం సాధారణం, కానీ మాట అధికారిదే. మినహాయింపులోకి రాని రెండో కొత్త యంత్రం మామూలు ఉచిత పరిమితిలోకి వెళ్తుంది. 2016 బ్యాగేజీ నిబంధనల నాడు అది 50,000 రూపాయలు, దాటిన విలువ మీద సర్‌ఛార్జితో కలిపి 38.5 శాతం సుంకం. ఈ అంకెలు బడ్జెట్లతో మారుతుంటాయి కనుక ప్రయాణానికి ముందు కస్టమ్స్ వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. భార్యాభర్తల పరిమితులను కలిపి ఒకే వస్తువుకు వాడుకోనివ్వరు. బ్యాటరీ 100 వాట్ అవర్ల లోపు ఉంటే క్యాబిన్‌లో నిశ్చింతగా తేవచ్చు, దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. పెద్ద ల్యాప్‌టాప్‌ల మీద 99 అనో 99.9 అనో అంకె కనిపించడానికి కారణం ఈ నియమమే.

వెళ్లే పిల్లల ప్రశ్న

ఇదే ప్రశ్నకు తిరగేసిన రూపం ఒకటుంది, దాన్ని అడిగేవాళ్లు తక్కువ. ఏటా జులై, ఆగస్టుల్లో అమెరికా చదువులకు వెళ్లే పిల్లలకు హైదరాబాద్‌లో కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చి పంపుతున్నారు. యంత్రం రెండేళ్లు అక్కడే పనిచేస్తుంది, అక్కడే పాడవుతుంది. సరిగ్గా అప్పుడే అక్కడ కాలేజీలు తెరిచే వేళ తగ్గింపులుంటాయి. ప్రయాణం నాటికి పాత ల్యాప్‌టాప్ పనిచేస్తుంటే దానితోనే వెళ్లి, మొదటి నెలలో అక్కడ కొనుక్కోవడం మంచిది. విద్యారుణంలో ల్యాప్‌టాప్ ఖర్చు చూపించాల్సి ఉండి ఇక్కడ కొనక తప్పనివారు అంతర్జాతీయ వారంటీ ఉన్నదే ఎంచుకోవాలి.

తేలినవి, తేలనివి

పన్ను లేని రాష్ట్రంలో ఉంటున్న సొంత మనిషి ద్వారా అయితే అమెరికాలో ధర లాభం నిజమే. దుబాయ్‌లో లాభం తక్కువ, ఇక్కడ తగ్గింపులు నడిచే రోజుల్లో అదీ కరిగిపోతుంది. కొరియర్‌తో లాభం లేదు. ఎంపిక విషయంలో అమెరికాదే పైచేయి, మరమ్మతు, చట్టం విషయాల్లో మన ఊరిదే.

తేలనివీ ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో అమెరికా దేశాలవారీ సుంకాలు ప్రకటించి, కొద్ది రోజులకే కంప్యూటర్లకు వాటి నుంచి మినహాయింపు ఇచ్చింది. అలాంటి మినహాయింపులు ఎంతకాలం నిలుస్తాయో దాన్ని బట్టి అక్కడి అట్ట ధర మారుతుంది. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు పెరగడం అన్ని దేశాల లెక్కలనూ కదిపింది. మన దేశంలో 2023లో ప్రకటించిన 17,000 కోట్ల రూపాయల ఉత్పత్తి ప్రోత్సాహకం ఇక్కడి ధరలను తగ్గిస్తుందా అన్నది కూడా ఇంకా చూడాల్సిందే.

ఇవన్నీ చూశాక నా తీర్పు ఇది: యంత్రం ఏ ఊళ్లో పనిచేస్తుందో ఆ దేశంలోనే కొనాలి. దాన్ని దాటడానికి రెండు కారణాలే ఒప్పుకోదగ్గవి. కావలసిన రకం ఇక్కడ అసలు దొరకకపోవడం ఒకటి. అన్ని ఖర్చులూ కలిపాక కూడా 15 శాతానికి పైగా మిగలడం రెండోది. ఈ రెండింటిలో ఏదైనా సరే, భారత్‌లో వారంటీ రాతపూర్వకంగా ఉండాల్సిందే.

తెప్పించుకునేవారికి ఒక విన్నపం. తెచ్చే బంధువును సీలుతో తెమ్మని అడగకండి. అక్కడే విప్పి వారం రోజులు వాడమనండి, లోపముంటే అక్కడే మార్పించవచ్చు. కొనే ముందు మోడల్ నంబరు తీసుకుని, దానికి భారత్‌లో వారంటీ ఉందో లేదో కంపెనీని అడిగి రాతలో తెప్పించుకోండి. కొన్నాక అసలు బిల్లు, యంత్రం అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో తీసి పంపమనండి. తిరిగి ఇచ్చే గడువు దాటకముందే ఆ నంబరును కంపెనీ వెబ్‌సైటులో వేసి సరిచూడండి.